గోదావరి గాలిలో జపాన్ రోడ్‌స్టర్: ఫ్యాక్టరీ రూపానికి తిరిగి తెచ్చే సమగ్ర మార్గదర్శి

పాత కారును మెరిపించడం వేరు, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా నిలబెట్టడం వేరు. మొదటిదానికి డబ్బుంటే చాలు. రెండోదానికి ఆధారాలు కావాలి, ఓపిక కావాలి. మన గోదావరి జిల్లాల్లో అయితే వీటికి తోడు నీళ్లు ఎటు పోతాయో, ఉప్పు ఎక్కడ దాక్కుంటుందో తెలిసి ఉండాలి. పొడి ప్రాంతాల వాళ్లు రాసిన పద్ధతులను ఉన్నదున్నట్టు పాటిస్తే ఇక్కడ రెండు వానాకాలాల్లోనే కారు మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఇంజిన్ గురించి కాదు, రేకు గురించి.

ఉదాహరణగా తీసుకున్నది మజ్దా తొలి తరం రోడ్‌స్టర్. 1989లో వచ్చిన ఈ కారును జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అని, అమెరికాలో మియాటా అని, మిగతా చాలా దేశాల్లో ఎంఎక్స్-5 అని అమ్మారు. హిరోషిమాలోని ఉజినా ఫ్యాక్టరీలో తయారైంది. 1597 సీసీ ఇంజిన్, 120 హార్స్‌పవర్, వెనుక చక్రాలకు శక్తి, ఇద్దరికే చోటు, మడిచే టాపు, టన్నులోపు బరువు. ఈ కారును ఎంచుకోవడానికి గట్టి కారణమే ఉంది. దీన్ని పూర్వరూపానికి తెచ్చే సేవను 2017లో మజ్దా కంపెనీయే జపాన్‌లో ప్రకటించింది. అందుకోసం తయారీ ఆగిపోయిన విడిభాగాలు కొన్నింటిని మళ్లీ చేయించింది. టాపు, నార్డి కంపెనీ స్టీరింగ్, గేరు నాబ్ మాత్రమే కాదు, ఆనాటి బ్రిడ్జ్‌స్టోన్ ఎస్‌ఎఫ్-325 టైరును కూడా 185/60 ఆర్14 సైజులోనే మళ్లీ తెచ్చారు. తయారుచేసినవాళ్లే ఫ్యాక్టరీ రూపం అంటే ఇదీ అని చూపించిన కారు మనకు మంచి పాఠం. మీ దగ్గర టొయోటా సుప్రా గానీ, మజ్దా ఆర్‌ఎక్స్-7 గానీ ఉన్నా వరుస ఇదే, కొలతలూ నంబర్లే మారతాయి.

ముందు కాగితాలు

స్పానర్ పట్టే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి అప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చిన పత్రం), సుంకం కట్టిన రసీదు, ఆర్‌.సి. మూడూ ఒక్కచోట పెట్టుకుని చూడండి. వాడిన కారును మన దేశానికి మామూలుగా దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటి ఉండకూడదు. కాబట్టి 1990 నాటి కారును ఇవాళ వేలంలో కొని ఓడ మీద తెప్పించుకోవడం కుదరదు. ఇక్కడ తిరిగేవి ఏనాడో వచ్చినవై ఉండాలి, ఆ రాకకు ఆధారం ఉండాలి. ఆధారం లేని కారు ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. దాని మీద పెట్టే ప్రతి రూపాయీ గాలిలో దీపమే.

జపాన్ మార్కెట్ కారుకు మనకు అలవాటైన 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉండదు. 1.6 లీటర్ల కారుకు ఎన్‌ఏ6సీఈ అనే గుర్తు, గీత, ఆ తర్వాత ఆరు అంకెలు ఉంటాయి. 1.8 లీటర్ల కారుకు ఎన్‌ఏ8సీ. ఇంత పొట్టి నంబరు చూసి ఎవరైనా అనుమానపడినా, దాన్ని చెరిపి మళ్లీ కొట్టించే ఆలోచన మాత్రం చేయవద్దు. ఆ అంకెలు, ఆర్‌.సి.లోని అంకెలు ఒకటే కావడం ముఖ్యం. తనిఖీకి వెళ్లేటప్పుడు ఆ పలక ఫొటోను కాగితాలతో జతచేయండి.

ఖర్చు లెక్కలో ఇది కూడా రాసుకోండి. 15 ఏళ్లు దాటిన దిగుమతి కారు రిజిస్ట్రేషన్ పొడిగించడానికి రుసుము 2022 ఏప్రిల్ నుంచి 40 వేల రూపాయలు అయింది. 2025 ఆగస్టు ఉత్తర్వుతో 20 ఏళ్లు దాటిన దిగుమతి కారుకు 80 వేలు చేశారు. వింటేజ్ వాహనాలకు వేరే నంబరు ప్లేటు ఇచ్చే 2021 నిబంధనలు 50 ఏళ్లు దాటినవాటికే వర్తిస్తాయి. అంటే ఈ కార్లలో మొదటిదానికైనా 2039 దాకా ఆ అవకాశం లేదు.

విప్పే ముందు సాక్ష్యం సేకరించండి

ఫ్యాక్టరీ రూపం గురించి జ్ఞాపకాల మీద ఆధారపడకూడదు. కారే సాక్ష్యం చెబుతుంది. ఇంజిన్ గది వెనుక గోడ మీద ఉన్న పలకలో రంగు కోడు ఉంటుంది. ఎస్‌యూ అంటే క్లాసిక్ రెడ్. తొలి ఏడాది ఎరుపు, తెలుపు, మారినర్ నీలం, వెండి రంగు, ఈ నాలుగే ఉండేవి. పై రంగు మార్చేసి ఉంటే డోరు లోపలి అట్ట తీసి చూడండి, తివాచీ కింద చూడండి, డిక్కీ లైనింగ్ వెనుక చూడండి. అక్కడ పాత రంగు దొరుకుతుంది. ఆర్‌.సి.లో ఇప్పటి రంగే రాసి ఉంటే, అసలు రంగుకు మార్చాక ఆర్టీవో కార్యాలయంలో ఆ మార్పును నమోదు చేయించుకోవాలి.

విప్పుతున్నప్పుడు ప్రతి భాగాన్నీ మూడుసార్లు ఫొటో తీయండి: దూరం నుంచి, దగ్గర నుంచి, విప్పిన తర్వాత ఆ చోటును. బోల్టులు జిప్ సంచుల్లో వేసి, సంచి మీద రాయడంతో సరిపెట్టకుండా లోపల కూడా ఒక చీటీ పెట్టండి. ఇక్కడి చెమ్మకు పై రాత చెదిరిపోతుంది. క్లిప్పులు, రబ్బరు బుషింగులు పాడైనవైనా పారేయవద్దు. కొత్తది వచ్చి పక్కన పెట్టి పోల్చుకునే దాకా పాతదే మీ నమూనా. మజ్దా విడిభాగం నంబర్లలో చాలావాటికి ముందు ఎన్‌ఏ01 అని ఉంటుంది. పాత ముక్క మీద ఆ అంకెలు కనిపిస్తే రాసుకోండి.

విప్పే వరుస: బ్యాటరీ, పెట్రోలు, టాపు, సీట్లు, తివాచీలు, డ్యాష్‌బోర్డు, బంపర్లు, ముందు ఫెండర్లు, డోర్లు, చివరగా ఇంజిన్, గేర్‌బాక్స్. ఈ కారులో గేర్‌బాక్సునూ వెనుక డిఫరెన్షియల్‌నూ కలిపే పొడవాటి అల్యూమినియం చట్రం ఒకటి ఉంటుంది. దాన్ని విప్పే ముందు గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టడం మరవకండి, లేకపోతే ఇంజిన్ వెనక్కి వాలి మౌంటు రబ్బర్లు చీలిపోతాయి. బిగించేటప్పుడు దాని ఎత్తును మజ్దా వర్క్‌షాప్ మాన్యువల్‌లోని కొలత ప్రకారమే పెట్టాలి. కంటి అంచనాకు పెడితే గేరు లివరు దగ్గర అదురు వస్తుంది.

నీరు ఎక్కడ ఆగుతుందో అక్కడే తుప్పు

మొత్తం పనికి ప్రాణం ఇక్కడే ఉంది. టాపు మీద పడిన వాన నీరు వెనుక అంచులోని కాలువలోకి జారి, సీట్ల వెనుక రెండు వైపులా ఉన్న గొట్టాల్లోంచి కిందికి దిగి, వెనుక చక్రాలకు కాస్త ముందు నేల మీద పడాలి. జపాన్ ఇంజినీర్లు వేసిన దారి అది. మన దగ్గర ఆ గొట్టంలో కొబ్బరి పీచు, వేపాకు, ఊక ధూళి చేరి బిగుసుకుపోతాయి. దారి లేని నీరు పక్కనున్న సిల్‌లోకి, అంటే డోరు కింద కారు పొడవునా ఉండే పెట్టెలాంటి రేకులోకి పోతుంది. కారు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల సిల్ నెలల తరబడి నానుతుంది.

పరీక్ష చాలా సులువు. ఒక చెంబుడు మంచి నీరు నెమ్మదిగా ఆ కాలువలో పోయండి. కింద వెంటనే ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వచ్చినా, అసలు రాకపోయినా ఆ వైపు సిల్ పోయిందనే అనుకుని మొదలుపెట్టండి. గొట్టాన్ని శుభ్రం చేయడానికి ఇనుప తీగ వాడవద్దు, గొట్టం చిరుగుతుంది. మెత్తటి ప్లాస్టిక్ తీగ చాలు.

పాత పుట్టీని కనిపెట్టడానికి అయస్కాంతం ఉపయోగపడుతుంది. అయినా అనుభవం ఉన్న చేతికి మించిన పరికరం లేదు. అమలాపురంలో ఒక టింకరింగ్ మేస్త్రీ చిన్న సుత్తి వెనుక భాగంతో సిల్ పొడవునా తడుతూ వచ్చి, వెనుక చక్రానికి జానెడు దూరంలో ఆగారు. "వినండి బాబూ, ఇక్కడిదాకా ఖంగుమంటోంది. ఇక్కణ్నుంచి దబ్‌మంటోంది. రేకు లేదండి, పుట్టీ మీదే నిలబడింది" అన్నారు. గీరి చూస్తే వేలి మందం పుట్టీ, దాని వెనుక పొడి పొడిగా రాలే ఎర్రటి పొట్టు. మీ ఊళ్లో అలాంటి మేస్త్రీ ఉంటే కారు కొనేటప్పుడే వెంట తీసుకెళ్లండి.

సిల్ తర్వాత చూడవలసినవి: ముందు ఫెండర్ వెనుక ఆకులు చేరే మూల, కాళ్ల కింది రేకు, డిక్కీలో కుడివైపు బ్యాటరీ చోటు. ఈ కారుకు బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ఫ్యాక్టరీ ఇచ్చింది ఆవిరిని గొట్టం ద్వారా బయటికి పంపే మూసిన రకం. ఎవరో మామూలు బ్యాటరీ పెట్టి వాడి ఉంటే ఆమ్లపు ఆవిరి అక్కడి రేకును తినేసి ఉంటుంది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు గొట్టం తగిలించుకునే రకమే అడగండి.

రేకు పని

సిల్ అంటే ఒక్క రేకు కాదు, అరటి బోదెలా పొర మీద పొర. బయటి పొర, మధ్యలో బలం కోసం పెట్టిన పొర, లోపలి పొర. తుప్పు పట్టిన చోట పైన కొత్త రేకు కప్పి అతికించేయడం మన షెడ్లలో తరచూ జరిగే పని. దానికి ఒప్పుకోవద్దు. లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, బలం మాత్రం తిరిగి రాదు. పైకప్పు లేని కారుకు సిల్లే వెన్నెముక.

కోసే ముందు డోరు ఖాళీకి అడ్డంగా, కీలు దగ్గర నుంచి లాక్ దగ్గరకు, ఇనుప గొట్టం తాత్కాలికంగా బిగించండి. డోరు చుట్టూ సందులను నాలుగు చోట్ల కొలిచి గోడ మీద రాసి పెట్టండి. ఈ పని చేయకుండా సిల్ కోస్తే కారు మధ్యలో వంగుతుంది, ఆ తర్వాత డోరు ఏ జన్మకూ సరిగ్గా మూసుకోదు. ఒక వైపు పూర్తిగా అతికాకే రెండో వైపు ముట్టుకోండి.

ఫ్యాక్టరీలో ఈ రేకులను స్పాట్ వెల్డింగ్‌తో అతికారు. అంచున వరసగా గుండ్రటి గుంటలు కనిపిస్తాయి, వాటి మధ్య దూరం కొలిచి పెట్టుకోండి. కొత్త రేకుకు అదే దూరంలో రంధ్రాలు వేసి, సీఓటూ వెల్డింగ్‌తో నింపి, గ్రైండర్‌తో సమం చేస్తే అసలుకు దగ్గరగా వస్తుంది. గ్యాస్ వెల్డింగ్ వద్దు, పలచటి రేకు వేడికి అలలు తేలుతుంది. బానెట్ అల్యూమినియంది కాబట్టి దాని కోసం వేరే సుత్తి, వేరే శాండ్ పేపరు పెట్టుకోండి. ఇనుము రాసిన కాగితంతోనే అల్యూమినియం రాస్తే ఆ ఇనుప నలుసులు అందులో దిగి, తర్వాత రంగు కింద పొక్కులు లేస్తాయి.

తుప్పు వదిలించడానికి ఇసుక కొట్టించాలనుకుంటే ఆ ఇసుక ఎక్కడిదో అడగండి. సముద్రపు ఇసుక అయితే ఉప్పును మన చేతులతోనే రేకులో నాటినట్టు. అసలు ఇసుక ధూళి ఊపిరితిత్తులకూ ప్రమాదమే. అల్యూమినియం ఆక్సైడ్ లాంటి పొడి దొరికే చోటికి పంపడం మంచిది. తిరిగి వచ్చిన రేకును రాత్రికి అలా వదిలేయకండి. అంతర్వేది, నరసాపురం వైపు గాలికి తెల్లారేసరికి నారింజ రంగు తిరుగుతుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి.

రంగు వేసే కాలం

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఉగాదిలోపు ముగించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల తేమ, మే నెలలో వేడికి రంగు పరుచుకోకముందే ఆరిపోవడం, ఆ తర్వాత వానలు. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య నెలల్లో కూడా పొద్దున మంచు పూర్తిగా విడిచి, రేకు ముట్టుకుంటే చల్లదనం పోయాకే గన్ను పట్టండి. రైసు మిల్లు దగ్గరుంటే ఊక బూడిద ఎటు ఎగురుతోందో చూసుకోవాలి. నల్లటి ఆ నలుసు తడి రంగు మీద పడితే తీయడం కష్టం.

పుట్టీని నీళ్లతో రాయించవద్దు. పుట్టీ నీటిని పీల్చుకుంటుంది. ఆ నీరు డెల్టా దిగువన బోరు నీరైతే అందులోని ఉప్పు కూడా లోపలికి పోతుంది. ఆరు నెలల తర్వాత రంగు మీద చిన్న చిన్న పొక్కులు లేస్తే కారణం చాలావరకు అదే. పొడిగా రాయించండి. చివరి రంగు మీద నీటి కాగితం తప్పనిసరైతే ఆర్‌ఓ నీరు వాడండి, ఒక్క కారుకు అదేమంత ఖర్చు కాదు.

ఇప్పుడు అసలు రుచి తెలిసే చోటు. క్లాసిక్ రెడ్ ఫ్యాక్టరీలో పైన క్లియర్ (మెరుపు కోసం వేసే రంగులేని పూత) లేని ఒకే పూత రంగు. దాని మీద మందంగా క్లియర్ వేస్తే అద్దంలా మెరుస్తుంది, కానీ ఆ మెరుపు 1989 నాటిది కాదు. ఫ్యాక్టరీ పూత మొత్తం మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మందం కొలిచే మీటరు ఉన్న పెయింటరును వెతకండి. కింది సిల్ మీద రాళ్ల దెబ్బలకు కాపుగా గరుకు పూత ఉంటుంది, అది ఏ గీత దగ్గర ఆగుతుందో ముందే ఫొటో తీసి ఉంచితే మళ్లీ అక్కడే ఆపవచ్చు. చాలామంది దాన్ని నున్నగా రాయించేస్తారు. తెలిసినవాడు చూస్తే మొదట పట్టుకునేది అదే.

ఫ్యాక్టరీ రూపంతో సంబంధం లేని పని ఒకటి మాత్రం మనం చేయాలి. రంగు ఆరాక సిల్ లోపల, డోర్ల అడుగున, చట్రం గొట్టాల్లో మైనపు పూత కొట్టించండి. అది కంటికి కనిపించదు, అసలు రూపానికి భంగం లేదు, ఉప్పు గాలిలో కారును నిలబెట్టేది అదే. నీరు పోయే రంధ్రాలు ఆ మైనంతో మూసుకుపోకుండా చూసుకోండి.

ఇంజిన్, బోల్టులు, గొట్టాలు

ఇంజిన్ గట్టిదే. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఒత్తిడి చూడండి. నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉంటే తెరవాల్సిన అవసరం లేదు. బాగున్న ఇంజిన్‌ను విప్పడం పునరుద్ధరణ కాదు. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు, ఇంజిన్ పై భాగమైన హెడ్ వెనుక ఉన్న కామ్ సెన్సరు రబ్బరు రింగు మాత్రం తప్పక మార్చాలి. ఇంజిన్ వెనుక నూనె కారితే చాలాసార్లు దోషం ఆ చిన్న రింగుదే. బెల్టు గడువు లక్ష కిలోమీటర్లు, కానీ పాత కారులో మీటరును నమ్మకుండా మార్చేయడమే మేలు.

1991 మధ్య వరకు వచ్చిన ఇంజిన్లలో క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) ముందు కొన పొట్టిగా ఉంటుంది, దాని మీద పుల్లీ వదులయ్యే ప్రమాదం ఉంది. పుల్లీ వెనుక నాలుగు గాట్లు కనిపిస్తే అదే రకం. పుల్లీని కదలకుండా పట్టి ఉంచే కీ గాడి అరిగి ఉందేమో బెల్టు మార్చేటప్పుడే చూడండి. బిగింపు టార్క్ రెంచి (బిగింపు బలాన్ని కొలిచే స్పానర్)తోనే, మాన్యువల్‌లోని అంకె ప్రకారమే. బిగించాక ఇంజిన్ గదిలోని డయాగ్నొస్టిక్ పెట్టెలో TEN, GND అని రాసిన రెండు సాకెట్లను తీగతో కలిపి, 850 ఆర్‌పీఎం ఐడిల్ వద్ద ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) 10 డిగ్రీలకు సరిచేయండి.

హెడ్ మీది మూత రంగు లేని అల్యూమినియం. ఎర్ర రంగు కొట్టించవద్దు, అద్దంలా పాలిష్ చేయించవద్దు. బోల్టులకు పసుపు ఛాయ ఉన్న జింక్ పూత ఉండేది, చిన్నవాటిని ప్లేటింగ్‌కు ఇవ్వవచ్చు. కానీ సస్పెన్షన్, స్టీరింగ్ బోల్టులను ఆమ్లంలో ముంచే ప్లేటింగ్‌కు ఇవ్వకూడదు. గట్టి ఉక్కు ఆమ్లంలో హైడ్రోజన్ పీల్చుకుని పెళుసవుతుంది, రోడ్డు మీద విరుగుతుంది. వాటికి కొత్తవే కొనండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ కారు గొట్టాలు దాని కోసం చేసినవి కావు. ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టాలు వేయండి, పైకి చూస్తే తేడా తెలియదు. ఇథనాల్ గాలిలోని చెమ్మను లాక్కుంటుంది కాబట్టి కారు నిలిపి ఉంచే నెలల్లో ట్యాంకు నిండుగా ఉంచండి. రేడియేటర్‌లో బోరు నీరు పోయనే పోయవద్దు, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. ఏ.సి.లో తొలి కార్లకు ఆర్-12 వాయువు ఉండేది. మాంట్రియల్ ఒప్పందంతో దాని తయారీ ఆగిపోయింది. ఆర్-134ఎ కు మార్చుకోవడం తప్పదు, ఆ మార్పును కారు పుస్తకంలో రాసి పెట్టండి.

కింది భాగం, లోపలి భాగం

సస్పెన్షన్ కీళ్లలోని బుష్‌లు అసలైన రబ్బరువే వేయండి. పాలీయురెథేన్ గట్టిగా ఉంటుంది, కారు స్వభావమే మారిపోతుంది. వాటి బోల్టులను కారు జాకీ మీద ఉండగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే చివరి బిగింపు. లేదంటే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ సరిచేసే కామ్ బోల్టులు ఇక్కడి తేమకు బుష్‌లో అతుక్కుపోతాయి. కొత్తవి వేసేటప్పుడు గ్రీజు పూయండి.

లోపల మోజు పడి లెదరు కుట్టించవద్దు. కారుతో వచ్చింది గుడ్డ సీటైతే అదే నేత, అదే కుట్టు వరస. భీమవరంలోనో రాజమండ్రిలోనో మంచి సీటు మేస్త్రీకి పాత తొడుగును విప్పకుండా చూపించి, ఒక్కో ముక్కకు కాగితం నమూనా తీయించండి. తివాచీ కింద ఉండే మెత్తను కొత్తది వేయాలి, పాతది నీటిని పట్టి ఉంచుతుంది. నల్ల వినైల్ టాపుకు వెనుక ప్లాస్టిక్ కిటికీ ఉంటే, టాపు మడిచే ముందు దాని జిప్ తీసి పడుకోబెట్టాలి. కోతల కాలంలో చేల నుంచి వచ్చే ఎలుకలు వైర్లు కొరుకుతాయి, కాబట్టి షెడ్డు తలుపు కింద సందు మూయించండి. టాపు ఉన్న కారును కొబ్బరి చెట్టు కింద ఎప్పుడూ నిలపవద్దు.

రోడ్డు మీదికి

మొదటి ప్రయాణాలు పొట్టివిగా, తెల్లవారుజామున కాలువ గట్ల మీద చేయండి. బ్రేకులు, ఉష్ణోగ్రత, నూనె మరకలు చూసుకున్నాకే 216 జాతీయ రహదారి ఎక్కండి. 500 కిలోమీటర్లు తిరిగాక సస్పెన్షన్ బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచితో చూసి, అలైన్‌మెంట్ చేయించండి. రొయ్యల చెరువుల మధ్య దారుల్లో వెళ్లి వచ్చిన రోజున లారీల నుంచి కారిన ఉప్పు నీరు అడుగున అంటుకునే ఉంటుంది. ఆ సాయంత్రమే మంచి నీటితో కింద కడగండి.

మొదటి వానాకాలం ముగిశాక తివాచీలు ఒకసారి ఎత్తి, చేత్తో తడిమి చూడండి. చెంబుడు నీళ్ల పరీక్ష మళ్లీ చేయండి. సిల్ లోపల మైనం పలచబడి ఉంటే ఆ చలికాలమే మళ్లీ కొట్టించండి.